తబిత టీచరు రాసిన ‘ఎక్కలేదు’

మా హైస్కూలు గేటు పక్కనే మా బ్రాంచి పోస్టాఫీసు. ఎదురుగా ఒక పొడవాటి గది, దాని ముందు వసారా. గోదారి పొంగినప్పుడు నీళ్లు లోపలికి రాకుండా పునాది ఎత్తుగా లేపి కట్టారు. అందుకని వసారాకు నాలుగు మెట్లు వచ్చాయి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం అవతలి పక్క ఏటవాలు దారి కూడా ఉంది. కాళ్లు చేతులు స్వాధీనంలో లేని పిల్లలకు, మాట ఆలస్యంగా వచ్చే పిల్లలకు తబిత టీచరు ఆ గదిలో పాఠం చెబుతారు. పద్నాలుగేళ్లుగా ఉత్తరాలకు ముద్రలు వేస్తూ నా కిటికీలోంచి ఆ మెట్ల మీద నేను చూసినన్ని మంచిపనులు ఆదివారం ప్రసంగాల్లో కూడా వినలేదు. ఎవరూ రాసిపెట్టుకోకపోతే మరుగున పడతాయని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తబిత గారిది రామచంద్రపురానికి ఈవల కాలవగట్టు మీద ఒక పల్లె. తండ్రి జ్ఞానప్రకాశం గారు వారమంతా చేలల్లో పని చేసుకుని, ఆదివారం చర్చిలో రిజిస్టర్లు రాసేవారు. ఎవరు పుట్టారు, ఎవరికి బాప్తిస్మం ఇచ్చారు, ఎవరిని సమాధి చేశారు అన్నీ ఆయన గుండ్రటి చేతిరాతలోనే ఉండేవి. ఒకసారి మేనల్లుడు వచ్చి, తన కూతుర్ని ఓ ఏడాది ముందుగా బళ్లో వేయాలి, బాప్తిస్మం తేదీ కాస్త వెనక్కి జరపమన్నాడట.

“ఒక్క అంకేగా మావయ్యా!”

“ఒక్క అంకేరా. కానీ దాని వెనకాల ఒక పిల్ల నిలబడుంది” అన్నారట ఆయన. “జరిగింది పుస్తకంలో రాస్తాను. జరగాలని కోరుకునేది రాసుకోడానికి ప్రార్థన ఉందిగా, అక్కడ చెప్పుకో.”

ఆ మాట తబిత గారి మనసులో అలా ఉండిపోయింది. ఇంకొకటి కూడా ఉండిపోయింది. అది ఆవిడ అక్క మెర్సీ సంగతి. మెర్సీకి రెండో ఏట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. ఆ ఇంట్లో ఆ పిల్లను పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు. కూర్చున్నచోటికి అన్నం వచ్చేది, నీళ్లు వచ్చేవి, జడ వేయడానికి పిన్నులు పోటీలు పడేవారు. బడి మాటెత్తితే మాత్రం “ఎందుకమ్మా, గట్టు మీద జారిపడతావు” అనేవారు. అలా ముద్దు చేసి చేసి ఆమెను మంచం మీదే పెంచారు. తబిత గారు ప్రత్యేక విద్యలో శిక్షణ పూర్తి చేసి వచ్చాక, ముప్ఫయ్యో ఏట మెర్సీకి అక్షరాలు దిద్దించారు. ఇప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. మెర్సీ ఊతకర్ర పట్టుకుని పెరడంతా తిరుగుతుంది. ఏ కాగితం కనబడినా వేలుపెట్టి కూడబలుక్కుని చదువుతుంది.

“మా ఇంట్లో అందరూ మంచోళ్లేనండి” అని నాతో ఓసారి నవ్వుతూ అంది. “ఆ మంచితనం మీద కూర్చుని కూర్చునే నా కాళ్లు తిమ్మిరెక్కాయి.”

తబిత గారికి రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి ప్రభుత్వానిది. పుస్తకమంటే ఒకటి కాదు, పిల్లకొక ఫైలు. ఈ పిల్లకు ఈ ఏడు ఏం నేర్పాలి, ఎప్పటికి నేర్పాలి, ఎంతవరకు వచ్చింది అని ఎవరికి వారికి విడిగా రాసే ప్రణాళిక అది. అందరూ ఐ.ఇ.పి. ఫైలు అంటారు. అందులో ‘పరిశీలన’ అనే గడి బొటనవేలంత ఉంటుంది. తేదీ వేసి ఆరోజు పిల్ల చేసిందో లేదో అందులో రాయాలి. రెండు మాటలు పడితే మూడో మాటకు చోటుండదు. తబిత గారు తండ్రిలాగే గుండ్రంగా, కొట్టివేత లేకుండా, జరిగింది జరిగినట్టు రాసేవారు.

రెండోది ఆవిడ సొంతం. అట్ట చిరిగిన పొడవాటి నోటుపుస్తకం. సాయంత్రం నాలుగున్నరకు పిల్లలందరూ వెళ్లాక, గది తాళం వేసేముందు, ఆరోజు ఎవరు ఎవరికి ఏ మేలు చేశారో గుర్తుతెచ్చుకుని అందులో రాసి, చివర దేవుడికి కృతజ్ఞతగా ‘స్తోత్రం’ అని పెట్టేవారు. ఆయా రత్తమ్మ దాన్ని స్తోత్రాల పుస్తకం అనేది. మా పోస్టుమాన్ సెలవు పెట్టినరోజు నేనే నడిచివెళ్లి పింఛను కాగితం ఇచ్చివచ్చిన సంగతి కూడా అందులో ఉందని తెలిసి సిగ్గుపడ్డాను.

ఇక కౌముది. రెండు మైళ్ల అవతల ఊళ్లో శివాలయం అర్చకులు మణిశంకర్ గారి అమ్మాయి. నెలలు నిండకుండా పుట్టింది. కాళ్లు బిగుసుకుని ఉంటాయి, మాట నెమ్మది, నవ్వు మాత్రం త్వరగా వచ్చేస్తుంది. వాళ్ల ఊరి బళ్లో అయిదో తరగతి చదువుతూ, వారానికి మూడు రోజులు చిట్టియ్య ఆటోలో తబిత గారి దగ్గరికి వస్తుంది. వచ్చే జూన్‌లో ఆరో తరగతికి ఈ హైస్కూలుకే రావాలి. కౌముది నడవగలిగిన పిల్ల కాబట్టి ఏటవాలు దారికి అలవాటు చేయొద్దని, పట్టుకమ్మి ఆసరాతో మెట్లు ఎక్కిస్తేనే కాళ్లకు బలం వస్తుందని డాక్టరు చెప్పారు. అందుకే ఆమె ఫైల్లో మొదటి లక్ష్యం ‘నాలుగు మెట్లు ఎక్కుట’ అని ఉంది. బొత్తాలు పెట్టుకోవడం, గ్లాసుతో నీళ్లు తాగడం, పేరు రాయడం దాని తర్వాతవి.

కౌముదిని చూస్తే ఎవరి చేతులూ ఊరుకోవు. ఆటో ఆగగానే చిట్టియ్య ఆ పిల్లను పువ్వులా ఎత్తి వసారా మీద దింపేవాడు. రత్తమ్మ బొత్తాలు పెట్టేది. తోటిపిల్లలు గ్లాసు నోటి దగ్గర పట్టేవారు. తల్లి సీతారామలక్ష్మి గారు వచ్చినరోజైతే పలక మీద చెయ్యి పట్టి పేరు ఆవిడే రాసేసేవారు. తబిత గారు అప్పుడప్పుడు “కాస్త ఆగండి, తననే చేయనివ్వండి” అనేవారు గాని, గట్టిగా అనడానికి ఆవిడకు నోరు రాదు. ప్రేమగా చేసేవాళ్లను ఎలా కసురుకుంటాం? సాయంత్రం మాత్రం ప్రభుత్వం ఫైల్లో జరిగింది రాసేవారు. మెట్లు ఎక్కలేదు. బొత్తాలు పెట్టుకోలేదు.

మార్చి నెలలో ఏడాది సమీక్షకు విద్యాశాఖ అధికారి ఉదయ్‌కుమార్ గారు వచ్చారు. జిల్లాకు కొత్త, చేతికింద మూడు వందల ఫైళ్లు. ఆరోజు లోపల జరిగింది నాకు రత్తమ్మ చెప్పింది. రత్తమ్మ చెబితే ఒక్క మాట పోదు, పైగా రెండు కలుస్తాయి. ఆ కలిసినవి తీసేసి రాస్తున్నాను.

ఆయన కౌముది ఫైలు మొదటినుంచి చివరిదాకా తిప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారట.

“తబిత గారూ, ఈ పాపను ఎందుకండీ ఇంత కష్టపెడుతున్నారు? జూలై నుంచి చూస్తున్నాను. ఎక్కలేదు, పెట్టుకోలేదు, తాగలేదు, రాయలేదు. పాపం, ఏదీ చేయలేదు కదా. ఆరో తరగతికి తెచ్చి ఈ మెట్ల దగ్గర నిలబెట్టడం ధర్మం కాదండి.”

“సార్, పాప…”

“ఇంటి దగ్గరే చదువు పెట్టించేద్దాం. వారానికోసారి మీరో, ఇంకొకరో వెళ్తారు. ఎండలో ఆటోలో తిరిగే బాధ తప్పుతుంది. శుక్రవారం లిస్టు పంపాలి” అని ఫైలు మీద పెన్సిలుతో ‘ఇంటి వద్ద విద్య’ అని రాశారట. కఠినంగా కాదు, అదీ దయతోనే రాశారు. అదే తబిత గారి నోరు కట్టేసింది.

వారానికోసారి! మిగతా ఆరురోజులు మంచం, కిటికీ. ఆ మంచాన్ని తబిత గారు చిన్నప్పటినుంచి ఎరుగుదురు.

కబురు విని సీతారామలక్ష్మి గారు మర్నాడే వచ్చారు. వసారాలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “పోనీలెండి టీచరు గారండీ, దాని రాత” అన్నారు. మళ్లీ తనే “కొత్త బడికని బ్యాగు కొనిపించుకుందండి. రాత్రి తలకింద పెట్టుకుని పడుకుంటోంది” అన్నారు.

ఆవిడ వెళ్లాక రత్తమ్మ ఫైలు తీసి తబిత గారి ముందు పెట్టింది.

“తబితమ్మా, ఓ పని చెయ్యండి. ఆ తెల్లరంగు సీసా ఉందిగా, ఆ ‘లేదు’ల మీద అద్దేసి ‘ఎక్కింది’ అని రాసెయ్యండి. పెళ్లికి గోడలకి సున్నం కొట్టించుకోమా ఏంటి?”

“పాప ఎక్కిందా రత్తమ్మా, ఆరోజుల్లో?”

“ఎక్కుద్దండి.”

“ఎక్కిందా?”

రత్తమ్మ సీసా మూత బిగించి లోపల పెట్టేసింది.

ఆ సాయంత్రం తబిత గారు ఫైలు ఇంటికి పట్టుకెళ్లారు. అక్కడ జరిగింది నాకు తర్వాత మెర్సీ చెప్పింది. పొద్దు ఇంకా ఉండగానే అరుగు మీద కూర్చుని, ఎక్కడ పొరపాటు చేశానని మళ్లీ మళ్లీ చూస్తున్నారు. మెర్సీ పక్కన కూర్చుని ఎప్పట్లాగే వేలుపెట్టి చదవడం మొదలెట్టింది.

“మె…ట్లు ఎ…క్క…లేదు. ఏమే తబితా, ఎక్కలేదంటే ఎక్కలేకపోయిందా, ఎక్కకుండా ఉందా?”

“ఎక్కలేదక్కా. ఆరోజు ఎక్కలేదు.”

“అదేనే అడుగుతున్నాను. చేతకాక ఎక్కలేదా, జరగక ఎక్కలేదా? నన్ను కూడా మన పిన్ని ‘మెర్సీ మంచం దిగలేదు’ అనేది. పొద్దున దిగలేదేమో అనుకునేవాళ్లు విన్నవాళ్లు. అసలు దిగడమే చేతకాదని పిన్ని అర్థం.”

తబిత గారు లేచారు. లోపలికి వెళ్లి సంచిలోంచి ఇంకొక ఫైలు తెచ్చారు. అది గణేష్‌బాబు అనే పిల్లాడిది. అందులో ఒకచోట ‘ఎక్కలేడు’ అని, ఇంకోచోట ‘ఎక్కలేదు’ అని ఉంది. మగపిల్లాడికి చేతకానిరోజు ‘ఎక్కలేడు’ అవుతుంది, చేయనిరోజు ‘ఎక్కలేదు’ అవుతుంది. ఒక్క అక్షరంలో తేడా తెలిసిపోతుంది. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ రెండూ ‘ఎక్కలేదు’ అనే ఒక్క మాటలోనే కలిసిపోతాయి. పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్న భాష, పద్నాలుగేళ్లుగా రాస్తున్న ఫైళ్లు. ఎప్పుడూ తట్టలేదు. ముప్ఫయ్యో ఏట అక్షరాలు నేర్చిన మనిషి కూడబలుక్కుంటూ పట్టుకుంది.

“అక్కా, నేను పాపను చేతకానిదాన్ని చేసి రాశానే” అన్నారు తబిత గారు, కళ్లనీళ్లతో.

“నువ్వు జరిగిందే రాశావు. సగం రాశావంతే. మిగతా సగం ఎక్కడ పెట్టావో చూసుకో” అని మెర్సీ ఊతకర్ర అందుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

శుక్రవారం ఉదయం ఉదయ్‌కుమార్ గారు లిస్టు మీద సంతకాలకు వచ్చారు. ఆ పూట హెడ్మాస్టరు గారికి రిజిస్టరు ఉత్తరం ఇవ్వడానికి వెళ్లి, ఆయన ఆ గదిలో ఉన్నారంటే నేనూ వసారాలోకి వెళ్లాను. ఇక్కడినుంచి నా కళ్లతో చూసిందే.

తబిత గారు గణేష్‌బాబు ఫైలు, కౌముది ఫైలు పక్కపక్కన పెట్టి ‘లేడు’, ‘లేదు’ చూపించారు. ఉదయ్‌కుమార్ గారు ఒక్క నిమిషం ఆలోచించి నవ్వారు.

“భలే పట్టారండి. నిజమే, నాకూ తట్టలేదు. కానీ తబిత గారూ, రెండర్థాలు ఉన్నాయని తేలింది. మీ అర్థమే సరైందని ఎలా తేలుతుంది? నేను పైన ఏం చూపించను?”

అప్పుడు ఆవిడ చిరిగిన అట్ట నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. ప్రార్థనలో చెప్పుకునేది పదిమందిలో విప్పడం ఎవరికైనా బిడియమే.

“ఇదేంటండీ?”

“నా సొంత పుస్తకమండి. రికార్డు కాదు. కానీ తేదీలు ఉన్నాయండి.”

ఆయన ఫైల్లో తేదీ చదువుతుంటే ఆవిడ పుస్తకంలో ఆ తేదీ తీశారు.

“జూలై తొమ్మిది. మెట్లు ఎక్కలేదు.”

“జూలై తొమ్మిదండి. ‘వాన. చిట్టియ్య అన్నయ్య తాను తడుస్తూ కౌముదికి గొడుగుపట్టి, ఎత్తుకుని పైన దింపారు. స్తోత్రం.’”

“ఆగస్టు ఇరవై. బొత్తాలు పెట్టుకోలేదు.”

“‘రత్తమ్మ జ్వరంతో వచ్చి కూడా కౌముదికి బొత్తాలు పెట్టి, జడ వేసింది. స్తోత్రం.’”

“సెప్టెంబరు మూడు. పేరు రాయలేదు.”

“‘సీతారామలక్ష్మి గారు గుడి ప్రసాదం పిల్లలందరికీ తెచ్చారు. పాప చెయ్యి పట్టి పేరు రాయించారు. స్తోత్రం.’”

ఆరు తేదీలు అలా నడిచాయి. ఏడో తేదీ ఆయన చదవలేదు. ఫైలు మూసి బల్ల మీద పెట్టారు.

“అంటే ఈ ఏడాదంతా ఆ పాపను…”

“మేమెవరమూ చేయనివ్వలేదండి” అన్నారు తబిత గారు. “ప్రేమతోనే సార్. కానీ చేయనివ్వలేదు. ఆ మాట నేను ఫైల్లో రాయలేదు. తప్పు నాది.”

అదే సమయానికి బయట ఆటో ఆగింది. చిట్టియ్య అలవాటుగా పాపను అందుకోవడానికి వంగాడు. తబిత గారు వసారా అంచుకు పరుగున వచ్చారు.

“అన్నయ్యా! ఎత్తకండి. ఈరోజు ఎత్తకండి.”

చిట్టియ్య మొహం చిన్నబోయింది. “ఏంటండీ టీచరు గారూ, నేనేం తప్పు చేశానండి? పాప పడిపోద్దండి.”

“తప్పు కాదన్నయ్యా. మీరు ఎత్తుకుంటే పాప ఎక్కగలదో లేదో దేవుడికి తప్ప ఎవరికీ తెలియడం లేదు.”

“మరి నన్నేం చెయ్యమంటారండి? ఈ చేతులు ఊరుకోవండి.”

“వెనక్కి కట్టేసుకో బాబూ!” అంది రత్తమ్మ లోపలినుంచి. అనడానికి అంది గాని తన చేతులు కూడా చంకల్లో దోపుకుంది.

కౌముదిని మెట్ల దగ్గర నిలబెట్టారు. తల్లి ఆటోలోనే ఉండి మొహం అటు తిప్పుకున్నారు. పిల్ల పట్టుకమ్మి పట్టుకుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. మామూలుగా అయితే ఈపాటికి ఎవరో ఒకరు ఎత్తేవారు. అందుకని కాబోలు ఒక్కొక్కరి వంకా చూసింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు కుడికాలు లేపింది.

ఒక మెట్టు. బలం కూడదీసుకుని రెండో కాలు దాని పక్కకు తెచ్చింది. రెండో మెట్టు దగ్గర మోకాలు వణికింది. చిట్టియ్య నోట్లోంచి “అమ్మో” అని వచ్చింది గాని చేతులు రాలేదు. మూడో మెట్టు మీదికి వచ్చేసరికి నుదుట చెమట, రొప్పు. పక్కకు ఒరిగింది. నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు వెళ్లింది.

“వ…ద్దు” అంది కౌముది. “ఉ…ండం…డి.”

నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దేవుడి ఎదుట చెబుతున్నాను, ఒక పిల్లకు నేను చేసిన మేలుల్లో అంత కష్టమైంది ఇంకొకటి లేదు.

నాలుగో మెట్టు ఎక్కడానికి రెండుసార్లు కాలెత్తింది, అందలేదు. మూడో మెట్టు మీదే కూలబడి, అలిసిపోయి, నవ్వింది. అప్పుడు తల్లి దిగి పరుగెత్తుకొచ్చారు. వచ్చి ఎత్తుకోకుండా ఆ మెట్టు మీదే పక్కన కూర్చున్నారు.

ఉదయ్‌కుమార్ గారు కళ్లజోడు తీశారు. “ఎక్కిందని రాసేద్దామండి. ఇంకొక్క మెట్టే కదా.”

“వద్దండి” అన్నారు తబిత గారు. “మూడు ఎక్కింది. మూడే రాయండి. నాలుగోది జూన్ దాకా మాకు వదిలేయండి.”

ఆయన ఆవిడ మొహంలోకి చూసి, జేబులోంచి రబ్బరు తీసి పెన్సిలు రాతను చెరిపేశారు. దాని మీద పెన్నుతో ‘ఆరో తరగతి, ఉన్నత పాఠశాల’ అని రాసి సంతకం పెట్టారు. వెళ్లేముందు స్తోత్రాల పుస్తకం రెండు చేతులతో తిరిగి ఇస్తూ, “దీంట్లో నా పేరు రాసేంత పని ఇంకా చేయలేదు” అన్నారు. తబిత గారు నవ్వి అందుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ ఫైళ్లలో చిన్న మార్పు వచ్చింది. పరిశీలన గడిని స్కేలుతో రెండుగా గీసి, ఎడమ పక్క పిల్ల ఏం చేసిందో, కుడి పక్క పెద్దవాళ్లం మేమేం చేశామో రాస్తున్నారు. ఆడపిల్లల ఫైళ్లలో ఒంటరి ‘లేదు’ కనబడదు. ‘చేయలేకపోయింది’ అనో, ‘చేయనివ్వలేదు’ అనో ఉంటుంది. పక్క మండలం టీచర్లు ఇద్దరు వచ్చి చూసి ఆ గీత ఫోనుల్లో ఫొటో తీసుకెళ్లారు.

ఆ శుక్రవారం సాయంత్రం నేను పోస్టాఫీసు తలుపు వేస్తుంటే తబిత గారు వసారాలో కూర్చుని రాసుకుంటున్నారు. పలకరిద్దామని వెళితే దాచకుండా పుస్తకం నా వైపు తిప్పారు. సిరా ఇంకా ఆరలేదు.

‘మార్చి ఇరవై. చిట్టియ్య అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. స్తోత్రం.’